ముందు వేళ్లు చూడు

అమ్మలూ,

మెల్‌బోర్న్ పక్క మెల్టన్ దగ్గర మీరు కొన్న రెండెకరాల్లో రివర్ రెడ్ గమ్ అనే జామాయిల్ చెట్టు పెంచుతానన్నావట, ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. మన ఊళ్లో జామాయిల్ అంటే నాలుగైదేళ్లకు కొట్టి పేపరు మిల్లుకు తోలే కర్రే కదా. మెల్‌బోర్న్ వచ్చాక ఏటి గట్టున ఆ జాతి చెట్టునే నలుగురు చేతులు కలిపినా అందనంత లావున చూసి అలాగే నిలబడిపోయాను. వందల ఏళ్లు బతుకుతుందది.

పెద్ద మొక్క కొనకు, గింజ నుంచే పెంచు. మీ చుట్టుపక్కల చెట్టు గింజైతే ఆ నేలకు అలవాటు పడి ఉంటుంది. పార్కుల్లో కాయలు కోయడానికి పర్మిషన్ కావాలి కాబట్టి పక్క పొలం వాళ్లను అడుగు.

కాయలు మిరియాలంత ఉంటాయి. గోధుమరంగుకు తిరిగి, నెత్తిన చీలికలు ఇంకా విచ్చుకోనివి కొయ్యి. కాగితం సంచిలో వేసి వెచ్చని చోట పెడితే కొద్దిరోజుల్లో తెరుచుకుంటాయి. దులిపితే గింజా పొట్టూ కలిసి రాలతాయి. గింజ గసగసమంత. వేరు చేయాలని టెన్షన్ పడకు, కలిపే చల్లెయ్. స్నో గమ్ లాంటి కొండ జాతులకైతే ముందు తడి చేసి కొన్ని వారాలు ఫ్రిజ్‌లో పెట్టాలి, దీనికి అక్కర్లేదు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో చల్లి, పైన సన్న ఇసుక కప్పీ కప్పనట్టు జల్లు. పైనుంచి నీళ్లు పోస్తే గింజలు కొట్టుకుపోతాయి. ట్రేను నీళ్ల పళ్లెంలో పెడితే మట్టే తాగుతుంది. పైన తేమ కనబడగానే తీసెయ్, లేకపోతే మొలకలు మొదళ్ల దగ్గర కుళ్లి వాలిపోతాయి.

నాలుగు ఆకులు రాగానే ఒక్కొక్కటీ ఫారెస్ట్రీ ట్యూబులోకి, అదే సన్నగా పొడుగ్గా ఉండే చిన్న కుండీలోకి, మార్చు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. నా మొదటి మొక్క ముచ్చటగా ఉందని రెండేళ్లు కుండీలోనే ఉంచుకున్నాను. నేలలో పెట్టాక నాలుగో ఏడు, ఓ గాలివానకు మొదలంటా ఒరిగిపోయింది. తవ్వి చూస్తే వేళ్లు చుట్టకుదురులా కుండీ ఆకారంలోనే బిగుసుకున్నాయి, ఒక్కటీ నేలలోకి దిగలేదు. ఆ రోజు అన్నం సయించలేదు నాకు. అందుకే జానెడు మొక్కనే, ఇక్కడ ఎండలు తగ్గే ఏప్రిల్, మే నెలల్లో నాటెయ్. కర్ర కట్టకు, గాలికి ఊగితేనే మాను గట్టిపడుతుంది. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు తప్పనివ్వకు. ఇంటికి నలభై మీటర్ల దూరం ఉంచు, పెద్దయ్యాక గాలి లేకున్నా కొమ్మలు విరిగి పడతాయి.

ఉపయోగాలు అడిగావు. ఎర్రటి కర్ర, నేలలో పాతినా తొందరగా పుచ్చదు, కంచె గుంజలకూ రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకూ వాడారు. తేనెటీగలకు పూలు. ఈ నేల ఆదివాసులు దీని బెరడు ఒక్క ముక్కగా ఒలిచి పడవలు చేసుకునేవారు, ఆ మచ్చలు పాత మానుల మీద ఇప్పటికీ కనబడతాయి. చిలకలు గూడు పెట్టుకునే తొర్రలు పడటానికి మాత్రం వందేళ్లు దాటాలి. నీలగిరి తైలం కోసమైతే ఇది కాదు, మన రాష్ట్రంలోనే బెండిగో ఊరి వైపు పెరిగే బ్లూ మల్లీ అనే ఇంకో జామాయిల్ ఆకు నుంచి తీస్తారు. ఆ సీసా పిల్లలకు అందనివ్వకు, లోపలికి పోతే విషం.

ట్యూబులు కొనకు. నా షెడ్డులో నలభై దాకా ఖాళీవి ఉన్నాయి, ఆదివారం అల్లుడితో వచ్చి పట్టుకెళ్లు.

మీ పెద్దమ్మ