బ్యారెల్ వంగిందా, బీబీలే అంతా?

ప్రశ్న: మాస్టారూ, మా మేనమామ ఏనాడో తెచ్చుకున్న ఎయిర్ రైఫిల్ ఒకటి మా ఇంట్లో ఉంది. ముందు పిడి కిందికి లాగి నాలుగైదుసార్లు పంపు కొడితే గాలి నిండుతుంది. బీబీలూ (చిన్న ఉక్కు గుళ్లు) పడతాయి, సీసం పెల్లెట్లూ పడతాయి. ఇంటర్ చదివే మావాడు బీబీలతో కొడుతుంటే ఒకటి పైకి, ఒకటి పక్కకి, కుదురే లేదు. బ్యారెల్ వంగిపోయిందంటారు మా బావగారు. పంపులు పెంచితే సరిపోతుందంటాడు మావాడు. లోపం ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?
— ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: ముందు మీ బావగారి మాట చూద్దాం. వంగిన బ్యారెల్ గుళ్లను చెదరగొట్టదు. అన్నిటినీ మూకుమ్మడిగా ఒక పక్కకి పంపిస్తుంది. అలాంటిదైతే గురి చూసే సైటు తిప్పుకుంటే చాలావరకు దారికొస్తుంది. మీ గుళ్లు చెదురుతున్నాయి. నా అనుమానం బీబీల మీదే.

షిప్‌యార్డులో నా ఉద్యోగమంతా కొలతలు చూడటమే కాబట్టి అంకెలతోనే చెప్తాను. మీ బ్యారెల్ గొట్టం లోపలి అడ్డకొలత 4.5 మిల్లీమీటర్లు. ఉక్కు బీబీ అడ్డకొలత సుమారు 4.37. ఆ కాస్త సందులోనే, అన్న చెప్పులేసుకుని పరిగెత్తే పిల్లాడిలా, బీబీ గోడలకి అటూ ఇటూ తగులుకుంటూ వస్తుంది. చివర్లో ఏ వైపు తగిలితే దానికి ఎదురుదిక్కుకి పోతుంది. ఉక్కు కాబట్టి గొట్టం లోపల మెలితిరిగి చెక్కిన గాళ్లు (గాడులు) దాన్ని పట్టలేవు, తిప్పలేవు. సీసం పెల్లెట్ వెనకభాగం పల్చగా, బోలుగా ఉంటుంది. గాలి ఒత్తిడికి విచ్చుకుని ఆ గాళ్లను పట్టుకుంటుంది, గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది. మీ గొట్టం లోపల గాళ్లే లేకుండా నున్నగా ఉంటే మాత్రం పెల్లెట్ కూడా తిరగదు. రైఫిల్ ఖాళీగా ఉందని రూఢి చేసుకుని, బోల్టు వెనక్కి లాగి, వెనకనుంచి టార్చి వేసి చూడండి.

ఇక పరీక్ష. ఐదు మీటర్ల దూరంతో మొదలెట్టండి. ఇసక సంచి మీద రైఫిల్ ఆనించి కొట్టాలి, లేకపోతే మీరు కొలిచేది మీవాడి చెయ్యి వణుకునే. ఈ రకం రైఫిల్‌తో ఒక చిక్కుంది. పంపు కొట్టే పిడి, ఆనించే పిడి ఒకటే. ప్రతి గుండుకీ రైఫిల్ సంచి మీద నుంచి లేవాల్సిందే. అందుకని పిడి కింద సుద్దముక్కతో గీత పెట్టి, ప్రతిసారీ ఆ గీతే సంచి మీద ఆనేలా చూడండి. సంచికి ఆనే చోటు మారినా గుండు పడే చోటు మారుతుంది.

పంపులు ఐదంటే ఐదే. ప్రతి పంపూ పూర్తిగా, ఒకే ఒరవడిలో కొట్టాలి. మీవాడు చెప్పినట్టు పెంచితే వేగం పెరుగుతుంది, గుండు ఇంకాస్త పైన పడుతుంది, అంతే. చెదరడం తగ్గదు. ఒకసారి ఐదు, ఒకసారి ఎనిమిది కొడుతున్నాడేమో గమనించండి. పైకీ కిందికీ చెదరడానికి సగం కారణం అదే అయ్యుండొచ్చు. చాలా మోడళ్లకి పది పంపులు పరిమితి. దాటితే లోపల గాలిని పట్టి ఉంచే సీళ్లు పాడవుతాయి.

గురి కోసం మామూలు కాగితం వద్దు, బీబీ దాన్ని చించేస్తుంది, రంధ్రం అంచు కనపడదు. పాత శుభలేఖలు బ్రహ్మాండంగా పనికొస్తాయి, ప్రతి ఇంట్లోనూ ఉంటాయి కూడా. కార్డు వెనక పెద్ద అట్టపెట్టె నిండా పాత పేపర్లు కుక్కి పెట్టండి, దాని వెనక ఒక దుప్పటి వదులుగా వేలాడదీయండి. చెక్క పలక, గోడ, రేకు మాత్రం వద్దు. ఉక్కు గుండు తిరిగి మీ ముఖం మీదికే వస్తుంది. కొట్టేవాడికే కాదు, చూసేవాళ్లకీ కళ్లద్దాలుండాలి. డాబా మీద అసలు వద్దు, తప్పిన గుండు ఎవరి వాకిట్లో పడుతుందో మీ చేతుల్లో లేదు. పొడుగాటి వరండా దొరికితే మేలు. బీబీ బరువు గ్రాములో మూడో వంతే, మధ్యాహ్నం సముద్రం గాలి లేచిందంటే దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఒక కార్డు మీద పది గుళ్లు కొట్టండి. మూడు కొట్టి కొలిస్తే అదృష్టాన్ని కొలిచినట్టే. దూరంగా పడ్డదాన్ని ‘అది చెయ్యి జారింది’ అని కొట్టేయకూడదు. మా డిపార్టుమెంటులో ఆ మాట అన్నవాణ్ణి తిరిగి మొదటినుంచీ కొలవమనేవాళ్లం. బాగా ఎడంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి గుండు అడ్డకొలత తీసేయండి. బీబీలతో ఐదు మీటర్ల దగ్గర రెండు మూడు సెంటీమీటర్లు వస్తే నేనైతే సంతోషిస్తాను. తర్వాత పంపులు, సంచి, గీత ఏమీ మార్చకుండా పెల్లెట్లతో మరో పది. అవి దగ్గరగా పడితే రైఫిల్ శుభ్రంగా ఉన్నట్టే. అవి కూడా చెదిరితే ముందు సైటు ఊగుతోందా, స్క్రూలు వదులయ్యాయా, గొట్టం కొసన గంటు పడిందా చూడండి.

బీబీల డబ్బా మూత తీసి వదిలేయకండి, మన ఉప్పుగాలికి తుప్పు పడతాయి. గాజుపలక మీద దొర్లించి, తడబడేవాటిని పారేయండి. సైకిల్ షాపు బేరింగ్ గుళ్లు వేయాలని మీవాడికి తోస్తే ఆపండి. ముందు చక్రం హబ్బులోవి 4.76 మిల్లీమీటర్లు, గొట్టంలో ఇరుక్కుంటాయి. పెడల్లోవి 3.97, మరీ వదులు.

పోటీల ఆలోచన ఉంటే బీబీలు పక్కన పెట్టి పెల్లెట్లకి మారమనండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో వాడేది సీసం పెల్లెట్లే. అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో బెలూన్ల తుపాకీకి సైటు కావాలనే వంచుతారా?
— ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: వంచక్కర్లేదమ్మా. అవి బ్యారెల్ మడిచి గుండు పెట్టే తుపాకులు. రోజంతా వందల చేతులు మడుస్తుంటే కీలు దగ్గర వదులొస్తుంది. మొదటి గుండుకి ఒక్క బెలూన్ మధ్యలోకే గురిపెట్టి, ఎటు పోయిందో చూసుకోండి. రెండోదానికి అంత ఎడం అవతలి వైపు పెట్టండి. బెలూన్లు ఒత్తుగా కట్టుంటాయి కాబట్టి ఏదో ఒకటి పేలుతుంది, అది గురి కుదిరిందనుకోకండి.

ప్రశ్న: ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు కావాలా? బాల్కనీలో పావురాల బెడద.
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌల్స్ శక్తి గానీ, 4.5 మిల్లీమీటర్ల గొట్టం గానీ దాటితే లైసెన్సు కావాలి. సెకనుకి 180 మీటర్ల వేగంతో పోయే బీబీ శక్తి ఐదారు జౌల్సే. అయినా పావురాల మీదికి వద్దు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం వాటికీ వర్తిస్తుంది, పైగా ఎదురు బాల్కనీలో మనుషులుంటారు. వల కట్టించుకోండి.