ఆన్‌లైన్ క్లాసు తేలికనుకుని తీసుకుంటున్నారా?

ఆగస్టు వచ్చిందంటే డాలస్‌లో మా ఇంటికి ఆదివారం భోజనానికి వచ్చే పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, ఆన్‌లైన్ కోర్సులు తీసుకుంటే బోలెడు ఖాళీ దొరుకుతుందట కదా?" మాస్టర్స్‌కి అప్పుడే దిగినవాళ్లు. ఆ ఖాళీ దేనికో నాకు తెలుసు, క్యాంపస్‌లో ఉద్యోగం కోసం. తప్పు పట్టను, నేనూ అలా వచ్చినవాణ్నే.

ముందు వీసా సంగతి. ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ చదవాలి, మాస్టర్స్‌లో మామూలుగా సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు, అంటే మూడు క్లాసులు. ఆ లెక్కలోకి ఒక సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే వస్తుంది, అంటే 3 క్రెడిట్లు. చివరి సెమిస్టర్‌లో ఒకే కోర్సు మిగిలితే అది ఆన్‌లైన్ అయి ఉండకూడదు. కోవిడ్ అప్పుడు అమెరికా ప్రభుత్వం వాళ్లు దీన్ని సడలించారు. 2020 జులై 6న మళ్లీ, పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు దేశంలో ఉండకూడదన్నారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళితే 14న వెనక్కి తగ్గారు. ఆ వారం రోజులు ఇక్కడ మన పిల్లల టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆ సడలింపు ఇప్పుడు లేదు. కాబట్టి "నేను అన్నీ ఇంట్లోంచే చదివాను" అని 2020 బ్యాచ్ సీనియర్ ఎవరైనా చెబితే విని ఊరుకోండి. హైబ్రిడ్ (కొంత క్లాసులో, కొంత ఆన్‌లైన్‌లో) అని రాసి ఉన్న కోర్సు ఏ లెక్కలోకి వస్తుందో యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సంగతి చూసే ఇంటర్నేషనల్ ఆఫీసుని ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాతలో ఉంటుంది.

ఇక చదువు. రికార్డు చేసిన క్లాసుతో వచ్చే చిక్కల్లా అది ఎక్కడికీ పోదన్న ధీమా. నా మొదటి సెమిస్టర్‌లో మిడ్‌టర్మ్ ముందు రాత్రి కూర్చుంటే, చూడాల్సిన వీడియోలు పదకొండు మిగిలాయి. బి మైనస్‌తో బయటపడ్డాను. మాస్టర్స్‌లో జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 3.0 కన్నా తగ్గితే చాలా యూనివర్సిటీల్లో ప్రొబేషన్ (హెచ్చరిక) పెడతారు, బి మైనస్ దానికన్నా తక్కువే, ఆ గ్రేడు పూడ్చడానికి ఇంకో కోర్సులో ఏ తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అందుకే మంగళవారం పదింటికి క్లాసు ఉన్నట్టే లెక్కేసుకుని లైబ్రరీకి వెళ్లి చూడండి. గదిలో మంచం మీద పడుకుని చూసేది క్లాసు కాదు, జోలపాట.

ఒక్క మేలు మాత్రం ఉంది. ప్రొఫెసర్ యాస మొదట్లో సగం అర్థం కాదు. వీడియో అయితే వేగం తగ్గించుకోవచ్చు, క్యాప్షన్లు పెట్టుకోవచ్చు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

డిస్కషన్ బోర్డు, అంటే కోర్సు వెబ్‌సైట్‌లో అందరూ రాసి చర్చించుకునే పేజీ, మనవాళ్లకి కొత్త. చాలా కోర్సుల్లో వారం మధ్యలో మనం ఒక పోస్టు రాయాలి, వారం చివర్లోగా ఇద్దరికి జవాబివ్వాలి. "ఐ అగ్రీ" అని రాస్తే మార్కులు రావు, ఎందుకు ఒప్పుకుంటున్నామో నాలుగు వాక్యాలైనా ఉండాలి. గడువు రాత్రి 11:59 అంటే 11:50కి అప్‌లోడ్ మొదలుపెట్టమని కాదు.

వాట్సాప్ గ్రూపులో జవాబులు పంచుకోవద్దు. కలిసి చదవడం వేరు, ఒకే జవాబు నలుగురూ పంపడం వేరు. యూనివర్సిటీ సస్పెండ్ చేస్తే వీసాకే ఎసరు.

అన్నిటికన్నా గాభరా పెట్టేది కెమెరా ముందు రాసే పరీక్ష. మొన్న ఒక తమ్ముడు, డబుల్ బెడ్‌రూమ్‌లో నలుగురుంటారు, హాల్లో కూర్చుని రాస్తున్నాడు. వంటింట్లో కుక్కర్ మూడు విజిల్స్ వేసింది. రూమ్మేట్ పరిగెత్తుకొచ్చి, స్టవ్ కట్టేసి, వెళ్తూ వెళ్తూ వీడి వెనకాల నిలబడి "అయిపోయిందారా?" అన్నాడు. పరీక్షని కెమెరాలోంచి కాపలా కాసే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టేసింది. అదే రాత్రి జరిగింది జరిగినట్టు ప్రొఫెసర్‌కి రాయమన్నాను. ఆవిడ ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థులు వచ్చి కలిసే వేళకి) పిలిచి, పరీక్షలోవే రెండు ప్రశ్నలు అడిగి వదిలేశారు. వాడు ఆవిడ ముఖం చూడటం అదే మొదటిసారి, సెమిస్టర్ సగం గడిచాక! అలా కాకుండా మొదటి రెండు వారాల్లోనే ఒకసారి వెళ్లి పేరు చెప్పి, సిలబస్‌లో ఒక సందేహం అడిగి రండి. పరీక్షలకి లైబ్రరీలో తలుపు వేసుకునే గది బుక్ చేసుకోండి, చాలాచోట్ల విద్యార్థులకి ఉచితమే.

ఆ గది దొరకని రోజు వాళ్లింట్లో కుక్కర్ ఎక్కదు. అందరికీ ముందు రాత్రి అన్నం, పెరుగు.