ఇద్దరు తిక్కనలు అనవచ్చా?

సందేహం: కవి తిక్కన, ఖడ్గ తిక్కనల గురించి ఒక వ్యాసం రాస్తూ ‘ఇద్దరు తిక్కనలు’ అన్నాను. మనుషుల పేర్లకు బహువచనం ఉండదని, ‘తిక్కన అనే పేరు కలిగిన ఇద్దరు ప్రముఖులు’ అని మార్చమని ఒకరు సలహా ఇచ్చారు. ఏది ఒప్పు?

సమాధానం: మీరు రాసిందే బాగుంది. పేర్లకు బహువచనం లేదన్నవారు దశావతారాలను ఒకసారి లెక్కపెట్టుకోవాలి. ‘వనజౌ వనజౌ ఖర్వః త్రిరామీ సకృపోఽకృపః’ అని పది అవతారాలనూ ఒక్క ముక్కలో ఇమిడ్చిన అర్ధశ్లోకం ఉంది. ‘వనం’ అంటే నీరు, అడవి కూడా, కాబట్టి నీటిలో పుట్టినవి రెండు, అడవిలో పుట్టినవి రెండు, పొట్టివాడు ఒకడు, ఆ తర్వాత ‘త్రిరామీ’, అంటే ముగ్గురు రాములు, చివర దయగలవాడు, దయలేనివాడు. పరశురాముడు, దశరథరాముడు, బలరాముడు, ముగ్గురికీ కలిపి ఒక్క మాట! ఇది నాకు ఎంత ఇష్టమైన శ్లోకమో చెప్పలేను.

ఇందులో ఇంకో విశేషం ఉంది. ఈ ముగ్గురికీ అసలు పేరు ఉత్త రాముడే. గొడ్డలి పట్టినాయనకు ‘పరశు’, రోహిణి కొడుకుకు ‘బల’ గుర్తు కోసం ముందు చేరాయి. అమరకోశంలో బలరాముడి పేర్ల వరసలో ‘రామః’ అనే ఉంది. భాగవతంలో ‘రామకృష్ణులు’ అంటే అన్నదమ్ములిద్దరు, తెనాలి రామకృష్ణుడు మాత్రం ఒక్కడే. వాల్మీకి బాలకాండలో పరశురాముడు దారికి అడ్డం వచ్చినప్పుడు ఋషులు ఆయన్ని ‘రామ, రామ’ అనే పలకరిస్తారు, ఆయన మాత్రం ఎదుటివాణ్ణి ‘రామ దాశరథే’ అంటాడు. తన పేరే ఉన్నవాణ్ణి పిలవాల్సి వచ్చి తండ్రి పేరు కలిపాడని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

తెలుగులో ఆ పని ఇంటిపేరు చేస్తుంది. అల్లసాని, విన్నకోట అనకపోతే మనుచరిత్ర పెద్దనా, కావ్యాలంకారచూడామణి పెద్దనా ఎలా తెలుస్తుంది? గురజాడ, బసవరాజు, ఇద్దరూ అప్పారావులే, ఇద్దరూ కవులే. ఎంకిపాటల నండూరి, శాస్త్రవేత్త యల్లాప్రగడ, ఇద్దరు సుబ్బారావులూ 1895లోనే పుట్టారు, వారికి మూడేళ్ల ముందు పుట్టిన రాయప్రోలు ఇంకో సుబ్బారావు. తిక్కనలిద్దరూ అన్నదమ్ముల బిడ్డలు, ఇంటిపేరు కూడా పనికిరాదు కాబట్టి లోకం ఒకరికి కవిత్వాన్ని, ఒకరికి కత్తిని తగిలించింది. ఇంత చక్కటి పద్ధతి ఉండగా ఇంటిపేరును ఒక పొడి అక్షరం చేసేసి, ఇద్దరూ ఒకేలా కనిపిస్తే సీనియర్, జూనియర్ అని రాస్తున్నారు. వయసు తప్ప ఏం తెలిసింది?

‘పేరు కలిగిన’ అని కూడా రాయకండి. ‘పేరుగల’ చాలు, అసలు ‘పేరున్న’ ఇంకా హాయి. కాకపోతే ‘పేరున్న ఇద్దరు’ అంటే ప్రసిద్ధులు అనే అర్థం కూడా వస్తుంది, చూసుకొని వాడాలి.

‘మరో తిక్కన’, ‘అపర తిక్కన’ అని మాత్రం ఖడ్గ తిక్కనను అనకండి. అవి పోలికకు వాడే మాటలు. తుమ్మల సీతారామమూర్తి ‘అభినవ తిక్కన’, ఆయన పేరు తిక్కన కాదు కదా.

ఒక్క చిక్కుంది. తెలుగు ‘లు’ గౌరవానికీ వస్తుంది, జంటకీ వస్తుంది. ‘రాములవారు’ ఒక్కరే, ‘సీతారాములు’ ఇద్దరు. అందుకే ‘ఇద్దరు’ అన్న సంఖ్య వదలకండి. బతికున్న పెద్దల విషయంలో ‘ఇద్దరు సుబ్బారావులు’ కొంచెం తేలికగా వినిపించవచ్చు, అక్కడ ‘సుబ్బారావుగార్లు ఇద్దరూ’ అంటే మర్యాదగా ఉంటుందేమో. తప్పని అనను, మీ చెవికి ఎలా ఆనితే అలా రాయండి.