పేపర్, ప్లాస్టిక్ మానేస్తే అంతర్జాతీయ కాన్ఫరెన్స్ పర్యావరణహితం అయిపోతుందా?

అవ్వదు, ఎందుకంటే ఇలాంటి సభల కార్బన్ ఉద్గారాల్లో ఎక్కువ భాగం హాల్లో పుట్టదు, అక్కడికి చేరడానికి జనం ఎక్కే విమానాల నుంచి వస్తుంది. ఒక ఖండం నుంచి మరో ఖండానికి వెళ్లి వస్తే ఎకానమీ సీటులోనైనా ఒక్కొక్కరి వాటా సాధారణంగా టన్ను దాటుతుంది. టేబుల్ మీద పెట్టే చిన్న నీళ్ల సీసా వాటా గ్రాముల్లోనే ఉంటుంది.

500 మంది వచ్చే సభకు 400 మంది రైల్లో, 100 మంది వేరే ఖండం నుంచి విమానంలో వచ్చారనుకోండి. ఆ 100 మంది ప్రయాణమే మిగతా లెక్కనంతా మింగేస్తుంది. అందుకే వేదిక ఎక్కడన్నదే అసలు నిర్ణయం. వీసా సంగతీ అక్కడే తేలుతుంది: కొన్ని దేశాలవాళ్లకు వీసా దొరకని చోట సభ పెడితే, ఆహ్వానం ఎంత ఆప్యాయంగా పంపినా వాళ్లు బయటే ఉండిపోతారు. ఇది చిన్న విషయం కాదు.

ఈవెంట్ల నిర్వహణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20121 సర్టిఫికెట్ ఉంటే కాలుష్యం లేనట్టే అని చాలామంది అనుకుంటారు. 2012లో వచ్చిన ఆ ప్రమాణం ఈవెంట్‌ను ఏ పద్ధతిలో నిర్వహించాలో చెబుతుందే తప్ప, ఇన్ని టన్నులు దాటకూడదని పరిమితి పెట్టదు.