రోజూ బైబిలు చదువుతున్నా పాఠం దొరకడం లేదన్న ప్రశ్నకు నా అనుభవం నుండి జవాబు

మీరు రెండు విషయాలు అడిగారు. ప్రతి ఉదయం ఒక అధ్యాయం చదువుతున్నా బైబిలు మూసేసరికి మనసులో ఏదీ నిలవడం లేదన్నది ఒకటి. చదివినదాని నుండి ఆ రోజు క్రైస్తవ జీవితానికి పనికివచ్చే పాఠం ఎలా తీసుకోవాలన్నది రెండవది. నేను బోధకుడిని కాను, ఉద్యోగం చేసుకుంటూ చాలా ఏళ్లుగా ఈ అలవాటును కొనసాగిస్తున్న సామాన్య విశ్వాసిని. నాకు అర్థమైనంతవరకు, రెండవ ప్రశ్నను తొందరపడి అడగడం వల్లనే మొదటి ఇబ్బంది పుడుతుంది. ఈ మాట నాకేమి చెబుతోందని అడిగే ముందు, దీనిని మొట్టమొదట విన్నవారికి ఇది ఏమి చెప్పిందో కాసేపు చూడాలి. అలా చూసినప్పుడు దొరికే పాఠం మనం కోరుకున్నదానికంటే తరచుగా బరువైనదే అయినా, త్వరగా మరచిపోయేది మాత్రం కాదు.

యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనాన్నే తీసుకోండి. దేవుని ఉద్దేశాలు హానికరమైనవి కావని, రాబోయే కాలానికి నిరీక్షణ కలిగించేవని చెప్పే ఆ వచనం డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల మీద, గోడ క్యాలెండర్ల మీద మన ఇళ్లలో ఎంతగానో కనిపిస్తుంది. అది ఒక ఉత్తరంలోని మాట. క్రీ.పూ. 597లో యూదా రాజైన యెకొన్యాతో పాటు బబులోనుకు చెరగా, అంటే బందీలుగా, వెళ్లినవారికి యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుండి ఆ ఉత్తరం పంపాడు. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండు సంవత్సరాలలోగా వారందరూ తిరిగి వచ్చేస్తారని దేవాలయంలో ప్రకటించాడు. యిర్మీయా ఆ మాట అబద్ధమని తేల్చి, ఉత్తరంలో 70 సంవత్సరాలని వ్రాశాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామందికి స్వదేశాన్ని మళ్లీ చూసే ఆశ లేదు. అందుకే ఇళ్లు కట్టుకొమ్మని, తోటలు నాటి వాటి ఫలాలు తినుమని, పిల్లలకు పెళ్లిళ్లు చేయుమని, తమను చెరలో ఉంచిన ఆ పట్టణపు క్షేమం కోరి దాని కోసం ప్రార్థన చేయుమని 5 నుండి 7 వరకు ఉన్న వచనాలు చెబుతాయి. ఈ మూడు వచనాలను వాగ్దాన కార్డు మీద నేనింతవరకు చూడలేదు.

నా చదువులో ఆ అధ్యాయం వచ్చిన కాలానికి మేము బదిలీ మీద ఛత్తీస్‌గఢ్‌లోని ఒక చిన్న పట్టణంలో ఉన్నాము. కాకినాడకు తిరిగి వెళ్లిపోతామన్న ఎదురుచూపులో ఇంట్లో సగం అట్టపెట్టెలు విప్పకుండానే ఉన్నాయి. 11వ వచనం ఒక్కటే ముందుంటే త్వరలో బదిలీ వస్తుందన్న అభయంగా దానిని తీసుకోవడం చాలా సులభం. ఉత్తరమంతా చదివినందువల్ల ఆ రోజు నోటుపుస్తకంలో ‘ఈ ఊరి కోసం ప్రార్థించాలి’ అని ఒక్క వాక్యం వ్రాసుకున్నాను. ఊరి కోసం ప్రార్థించాలంటే ముందు ఊరి గురించి తెలియాలి. అలా మా కుటుంబ ప్రార్థనలో వీధివారి పేర్లు ఒక్కొక్కటిగా చేరాయి, నా భార్య ఇరుగుపొరుగువారితో మాట్లాడడానికి హిందీ నేర్చుకోవడం మొదలుపెట్టింది, వేసవిలో కొళాయి నీళ్ల విషయమై వీధివారు పురపాలక కార్యాలయానికి వెళ్లినప్పుడు నేనూ వారితో వెళ్లాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నేను బబులోను చెరలో ఉన్న యూదుడిని కాను, ఆ 70 సంవత్సరాల లెక్క నా బదిలీకి వర్తించదు. అయితే పేతురు తన మొదటి పత్రికలో విశ్వాసులను పరదేశులని, యాత్రికులని పిలుస్తాడు కాబట్టి, పరాయి చోట దేవుని ప్రజలు ఎలా బ్రతకాలన్న ఆ ఉత్తరపు బోధ మనకు కూడా న్యాయంగానే చేరుతుంది. పాత నిబంధనలోని మాటను నా ఇంట్లోకి తెచ్చుకునేటప్పుడు, క్రొత్త నిబంధన మీదుగా ఇటువంటి దారి ఉన్నదా అని చూడడం నాకు చాలా మేలు చేసింది. వచనాల సంఖ్యలు కూడా మూలరచనలో ఉన్నవి కావు; క్రొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన విభజనను రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో చేశాడు. సంఖ్య ఉన్నంత మాత్రాన ప్రతి వచనమూ విడిగా నిలబడే సూక్తి అయిపోదు.

కథనాల విషయంలో మరొక చిక్కు ఉంది. బైబిలులో ఒకరు చేసిన పని వ్రాయబడి ఉన్నంత మాత్రాన మనమూ అలాగే చేయాలని కాదు. న్యాయాధిపతుల గ్రంథం 6వ అధ్యాయంలో గిద్యోను గొఱ్ఱెబొచ్చును కళ్లంలో ఉంచి దేవుని సూచన అడిగాడు కాబట్టి, పెళ్లి సంబంధానికో ఉద్యోగానికో మనమూ ఏదో ఒక గుర్తు పెట్టి అడగవచ్చని చెప్పేవారు మన సంఘాలలో ఉన్నారు. అదే అధ్యాయంలో దేవుడు గిద్యోనును పంపుతున్నానని, అతనికి తోడై ఉంటానని అంతకు ముందే స్పష్టంగా చెప్పాడు. ఆ మాట విన్న తరువాత కూడా అతడు రెండుసార్లు గుర్తు అడిగాడు. అక్కడ నాకు కనిపించే పాఠం దేవుని దీర్ఘశాంతమే.

అందరూ దాటవేసే లేవీయకాండంలో నాకు అన్నిటికంటే సూటియైన పాఠాలు దొరికాయంటే మీరు నమ్మకపోవచ్చు. 19వ అధ్యాయం 13వ వచనం కూలివాని కూలిని తెల్లవారేవరకు మన దగ్గర ఉంచుకోకూడదని చెబుతుంది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం అందుకు కారణం చెబుతుంది: అతడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకొని ఉంటాడు. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో బిగపట్టిన కూలి మొరపెడుతుంది. ఇంట్లో పని చేసే ఆమెకు ‘చిల్లర లేదు, రేపు చూద్దాం’ అనడం ఎంత మామూలు విషయమో మనకు తెలుసు. అదే 19వ అధ్యాయంలో పొలం అంచులు పూర్తిగా కోయకుండా, కోతలో రాలిపోయిన పరిగె ఏరుకోకుండా బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలన్న ఆజ్ఞ ఉంది. ఆ ఆజ్ఞను బోయజు పాటించిన పొలంలోనే రూతు తన అత్తగారి కోసం పరిగె ఏరుకుంది. ఈ రెండూ కలిపి చదివినప్పుడు, ఒక రైతు విధేయత మోయాబు నుండి వచ్చిన విధవరాలికి అన్నమైన సంగతి కళ్లకు కట్టినట్లు తెలుస్తుంది.

ప్రతి రోజూ పాఠం రావాలన్న పట్టుదలను మాత్రం వదులుకోండి. 88వ కీర్తన చివరి మాట వరకు చీకటిలోనే సాగుతుంది, ఓదార్పుతో ముగియదు. అటువంటిది చదివిన రోజున బలవంతంగా ఒక మంచి మాట పిండుకోవడం కంటే, ఆ కీర్తనను దుఃఖంలో ఉన్న ఒకరి పేరు చెప్పి ప్రార్థనగా చదవడం మేలని నా అభిప్రాయం. పాఠం దొరికిన రోజున మాత్రం దానిని ఒక పనిగా, వీలైతే ఆ రోజే చేయగలిగిన పనిగా వ్రాసుకోండి. ‘ప్రేమ కలిగి ఉండాలి’ అని వ్రాసుకుంటే సాయంత్రానికి అది ఏమైందో తెలియదు, ఫలానావారికి ఫోను చేయాలని వ్రాసుకుంటే తెలుస్తుంది. నా పాఠాలు తరచుగా నా తప్పులను విడిచి ఇతరుల తప్పుల మీదే పడుతున్నట్లు అనిపించినప్పుడు వాటిని నా భార్యకు చదివి వినిపిస్తాను, ఆమె మొహమాటపడదు. బెరయ పట్టణంలోని యూదులు ప్రతి దినమూ లేఖనాలు పరిశోధించారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతున్నప్పుడు కూడా, అక్కడ ఉన్నది ఒక గుంపు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతున్నాను: జనవరిలో ఆదికాండముతో మొదలై నిర్గమకాండము సగంలో ఆగిపోయే సంవత్సర ప్రణాళికను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మార్కు సువార్త 16 అధ్యాయాలు, రూతు 4, యాకోబు 5 అధ్యాయాలు, ఈ వరుసలో రోజుకు ఒక్కటి చొప్పున చదవండి. కొత్త పుస్తకం మొదలుపెట్టే ముందు రోజు దానిని ఒక్కసారి ఆగకుండా మొదటి నుండి చివరి వరకు చదివేయండి. రూతు, యాకోబు ఒక్కొక్కటి అరగంటలోపే అయిపోతాయి, మార్కుకు మాత్రం తీరిక ఉన్న ఆదివారం మధ్యాహ్నం కేటాయించుకోవాలి.