ముద్ర ఎవరిదో ముందు చూడు

అమ్మలూ,

కార్డినల్ (పోపు తర్వాతి స్థాయి మతాధికారి) గ్వాలా బిక్కియేరి మీద వ్యాసం ముందుకు సాగక టెన్షన్ పడుతున్నానని రాశావు. నీ చిత్తుప్రతి చదివాను. ఇటలీలోని వెర్చెల్లిలో పుట్టాడు, 1205లో కార్డినల్ అయ్యాడు, 1208లో ఫ్రాన్స్ వెళ్లాడు. అన్నీ నిజాలే, కానీ మనిషి కనబడటం లేదు. పుట్టుక నుంచి కాకుండా 1216 నవంబర్ 12 నుంచి ఎత్తుకో.

ఆ రోజు బ్రిస్టల్‌లో మాగ్నాకార్టాను, అంటే రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి పత్రాన్ని, మళ్లీ జారీ చేశారు. ఇంగ్లండ్ రాజు జాన్ పోయి నెల కూడా కాలేదు. కొడుకు మూడో హెన్రీకి తొమ్మిదేళ్లు. సరైన కిరీటం దొరక్క గ్లాస్టర్‌లో బంగారు పట్టీ పెట్టి పట్టాభిషేకం చేశారు. పిల్లాడికి రాజముద్ర కూడా లేదు. అందుకే ఆ పత్రం మీద రెండు ముద్రలు పడ్డాయి: ఒకటి రాజ్యభారం మోస్తున్న విలియం మార్షల్‌ది, ఇంకొకటి గ్వాలాది. ఇదే మాగ్నాకార్టా చెల్లదని పదిహేను నెలల కిందట కొట్టేసింది మూడో ఇన్నోసెంట్ పోపు. గ్వాలాను తన ప్రతినిధిగా ఇంగ్లండ్ పంపిందీ ఆయనే! ఇక్కడ ఆగు, తొందరపడకు. నేనూ మొదట్లో అతన్ని పోపు మాట మోసుకెళ్లినవాడిగానే పాఠం చెప్పాను. ఈ ముద్ర సంగతి చదివాకే నా అభిప్రాయం మారింది.

అప్పటికి లండన్ ఫ్రెంచి యువరాజు లూయీ చేతిలో ఉంది. బారన్లలో (రాజు కింది పెద్ద భూస్వాముల్లో) చాలామంది అతని పక్షమే. ఇన్నోసెంట్ జులైలోనే కన్నుమూశాడు. కొత్త పోపును అడిగి చేద్దామంటే రోము నుంచి జవాబుకు వారాలు పడుతుంది. 1215 పాఠాన్నీ 1216 పాఠాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదువు. రాజు మీద ఇరవై ఐదుగురు బారన్లను కాపలా పెట్టిన షరతు రెండోదాంట్లో ఉండదు. బారన్లకు ఏం ఇచ్చారో, రాజు కోసం ఏం అట్టిపెట్టారో ఆ తేడాలోనే దొరుకుతుంది. వ్యాసంలో సగం దీనికే ఇచ్చినా తప్పు లేదు.

1217లో లింకన్ యుద్ధం, లూయీతో సంధి రెండు పేరాల్లో ముగించు.

మెచ్చుకున్నావు కదా అని అతని తప్పులు దాచకు. లూయీ వైపు నిలిచిన మతగురువులను పదవుల నుంచి తీసేశాడు, డబ్బు గుంజాడని ఆనాటివాళ్లే రాసిపెట్టారు. ఆ తర్వాత వెర్చెల్లిలో అతను కట్టించిన సాంట్ ఆండ్రియా మఠానికి కేంబ్రిడ్జి పక్కనున్న చెస్టర్టన్ చర్చి ఆదాయం వెళ్లేది. అది హెన్రీ ఇచ్చిన కానుక. ఆ ఆదాయం మీద ఒక పేరా రాయి. ముందు బ్రిస్టల్ భాగం పూర్తిచేసి పంపు, ఆదివారం కూర్చుని చదువుతాను.

ఆశీస్సులతో,
పెద్దమామయ్య