దీపాలకు పాలిష్ పట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పదిహేనేళ్ల పాత కారు కొన్నావని, పసుపెక్కిన దాని హెడ్‌లైట్లను నీ చేతులతోనే బాగుచేస్తానంటున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. రాజాంలో ముప్పై ఏళ్లు కార్లకు రంగులు వేసినవాణ్ణి కనుక గర్వపడ్డాను, కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

అంబాసిడర్ దీపాలకు గాజు ఉండేది, అది పసుపెక్కదు. నీ కారుకు ఉన్నది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలకుండా దానిపై కంపెనీలోనే పల్చని పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండకు ఆ పూత చెడిపోయాక కింది ప్లాస్టిక్ మసకబారుతుంది. మసక లోపలి వైపు ఉంటే మాత్రం పైన ఎంత రుద్దినా పోదు, ముందే చూసుకో.

దీపాలను కడిగి, చుట్టూ రంగు పాడవకుండా మాస్కింగ్ టేపు అంటించు. 1000, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్లతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితాలతో వరుసగా, నీళ్లు పోస్తూ రుద్ది, చివర కాంపౌండు అనే పాలిష్ ముద్దతో మెరుగు పెట్టు. మెషిను వాడితే ఒకేచోట నిలపకు, ప్లాస్టిక్ వేడెక్కి పాడవుతుంది.

థిన్నరు, పెట్రోలు మాత్రం దగ్గరికి రానివ్వకు. నువ్వు ఏడాది బిడ్డగా ఉన్నప్పుడు, మీ నాన్న కారు దీపాలపై తారు మరకలు పడ్డాయని, తొందరలో రంగుల్లో కలిపే థిన్నరుతోనే గుడ్డ తడిపి తుడిచాను. మరకలు పోయాయి, మీ నాన్న భుజం తట్టాడు. సాయంత్రానికి దీపాల నిండా సాలెగూడు లాంటి సన్నని బీటలు కనిపించాయి. నా పనితనానికి మాట వస్తుందని ఆయనకు చెప్పలేదు. ఆ రాత్రే అందరం శ్రీకాకుళం బయలుదేరాం. ధనుర్మాసం మంచు, పైగా వెలుగు ఆ బీటల్లో చెదిరి రోడ్డు మీద పడకుండా కళ్ల ముందే తెల్లగా పరుచుకుంది. చిలకపాలెం ఇంకా రాకముందే, వెనక దీపం లేని వరిమోపుల ఎడ్లబండి ఒకటి బానెట్ ముందుకు వచ్చేదాకా కనిపించలేదు. మీ నాన్న బ్రేకు తొక్కితే కారు మూరెడు దూరంలో ఆగింది. నువ్వు మీ అమ్మ ఒడిలో నిద్రపోతూనే ఉన్నావు. అక్కడే రోడ్డు పక్కన నిలబడి నిజం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తరువాత నా చెయ్యి పట్టుకుని కారెక్కించాడు. ఆ బీటలు ఎంత రుద్దినా పోలేదు, రెండు దీపాలూ నా డబ్బుతో కొత్తవి వేయించాను.

టూత్‌పేస్టు చాలని ఎవరో చెప్పారట, బుద్ధుండే వింటున్నావా? రుద్దినప్పుడు మిగిలిన పాత పూత కూడా పోతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే క్లియర్ కోటు, అంటే రంగులేని పారదర్శక పూత మళ్లీ వేయకపోతే, మన ఎండలకు కొద్ది నెలల్లోనే మసక తిరిగి వస్తుంది. మైనం దానికి బదులు కాదు. పాలిష్‌కు పెట్టే ఖర్చులో పిసినారితనం చూపించినా ఈ పూత దగ్గర చూపించకు నాయనా.

వచ్చే ఆదివారం కారు తీసుకుని రా. ఒక దీపం నేను చేసి చూపిస్తాను, రెండోది నువ్వు చేద్దువుగాని. మీ అమ్మనూ తీసుకురా, కానీ పగటిపూటే బయలుదేరు.

మీ మామయ్య